ఏఎన్ఎం అయ్యాక చదువెక్కడ?

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల నడుమ గోదావరి ఒక్కటే హద్దు. కాన్పుల విషయంలో మాత్రం ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ పోలికే లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతం దాటింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అందులో సగం కూడా లేదు. ఒకచోట అవసరం లేని కోతలు పడుతున్నాయి. ఇంకోచోట వానకాలంలో వాగు పొంగితే, నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకుపోవాల్సి వస్తోంది. రెండు ఒడ్డులకూ ఉమ్మడిగా ఉన్న మనిషి ఒకరున్నారు. గర్భిణి పేరు మొదట రాసుకునేది, బీపీ చూసేది, ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పేది, ఏ దవాఖానకు పోతే మంచిదో సలహా ఇచ్చేది ఏఎన్ఎం. ఊళ్లో నర్సమ్మ అంటే ఆమే. ఆమె చదివిందేమిటి, ఎన్నేళ్ల కింద చదివింది, ఆ తర్వాత ఎవరైనా ఏమైనా నేర్పారా, నేర్పింది చేతికి వచ్చిందో లేదో ఎవరైనా చూశారా? ఈ ప్రశ్నలకు జవాబులు కలిపి చూస్తే ఈ వృత్తి ప్రమాణాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

అమెరికాలో లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు అనే శ్రేణి ఒకటుంది. సుమారు ఏడాది చదివి, ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటారు. చదువు కాలాన్ని బట్టి చూస్తే మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది ఏఎన్ఎం. పనిని బట్టి చూస్తే మాత్రం చాలా దూరం. అక్కడి ప్రాక్టికల్ నర్సు డాక్టరో, రిజిస్టర్డ్ నర్సో పక్కనుండగా పనిచేస్తుంది. అనుమానం వస్తే అడగడానికి మనిషి అదే అంతస్తులో ఉంటుంది. మన ఏఎన్ఎం సబ్ సెంటర్‌లో ఒంటరిగా ఉంటుంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ అనేది దేశమంతటా ఉన్న కొలత. డాక్టరు ఉండేది పీహెచ్‌సీలో. ఆదిలాబాద్ వైపు నార్నూర్ మండలంలోనో తిర్యాణి మండలంలోనో ఒక గూడెం నుంచి పీహెచ్‌సీ దాకా ఉన్న దారి ఎండాకాలం ఒక లెక్క, వానకాలం ఇంకో లెక్క. కింది శ్రేణి నర్సు కాబట్టి తక్కువ చదువు చాలుననుకోవడం ఇక్కడ కుదరదు. అడగడానికి పక్కన ఎవరూ లేని మనిషికే ఎక్కువ తెలిసుండాలి.

ఈ ఉద్యోగం ఇలా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1946లో భోర్ కమిటీ ఆరోగ్య వ్యవస్థను పల్లె దాకా తీసుకుపోవాలని చెప్పాక, 1950ల మొదట్లో రెండేళ్ల ఏఎన్ఎం కోర్సు మొదలైంది. అప్పుడు ఆమె ప్రధాన పని కాన్పులు చేయడం, తల్లీబిడ్డలను చూసుకోవడం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకు ఒక్కో ఉద్యోగి బదులు అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్త ఉండాలంది. ఆ సిఫారసు మీద 1977లో కోర్సు 18 నెలలకు తగ్గింది. పనులు మాత్రం పెరిగాయి: టీకాలు, కుటుంబ నియంత్రణ, మలేరియా రక్తపూతలు, సర్వేలు, రిజిస్టర్లు. ఇప్పుడు ఇంటర్ పాసైన అమ్మాయిలకు మళ్లీ రెండేళ్ల కోర్సు, అందులో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉంది. మన రాష్ట్రంలో ఈ ఉద్యోగం పేరు మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ ఫిమేల్. పేరులో నర్సూ లేదు, మంత్రసానీ లేదు.

దీని ఫలితం ఒకే పీహెచ్‌సీ నెల మీటింగులో కనబడుతుంది. పదో తరగతి తర్వాత 18 నెలల శిక్షణ తీసుకున్న పెద్దామె ఒకరుంటారు. ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చదివి, ఏడాది పాటు సర్కారు దవాఖానలో క్లినికల్ ట్రైనింగ్ చేసి వచ్చినామె ఇంకొకరు. రెండేళ్ల కోర్సు చేసి కొత్తగా చేరినామె మరొకరు. ముగ్గురి పేర్లూ ఒకే కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంటాయి. చేతి పని ముగ్గురిదీ ఒకటి కాదు. అది వాళ్ల తప్పు కూడా కాదు. దారులు మూడు పెట్టినప్పుడు, చేరిన తర్వాతైనా అందరినీ ఒక స్థాయికి తెచ్చే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటే నిరంతర విద్య. మనకు లోటున్నది అక్కడే.

ప్రమాణం అంటే గోడ మీద అతికించిన చార్టు కాదు. బుధ, శనివారాల్లో టీకాలు వేసే చోట గంటసేపు నిలబడి చూస్తే అదేమిటో తెలుస్తుంది. వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు ఉంటాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకును వెంటనే క్యారియర్‌లో పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్ల చప్పుడు వినబడితేనే పెట్టాలి. ఈ కొద్దిపాటి ఓపిక లేకపోతే పెంటావాలెంట్ వ్యాక్సిన్ గడ్డకట్టి చెడిపోతుంది. చెడిన సంగతి పైకి కనబడదు. బిడ్డకు సూది పడుతుంది, కార్డులో టిక్కు పడుతుంది, రక్షణ మాత్రం రాదు. బీసీజీ అయితే ఎడమ భుజం మీద చర్మం పొరలోనే పోవాలి. నెల లోపు బిడ్డకు 0.05 మిల్లీలీటర్లు, ఆపైన 0.1. కలిపిన నాలుగు గంటల తర్వాత మిగిలింది పారేయాలి. సూది వేశాక అరగంట కూచోబెట్టాలి. తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఈరోజు వేసిన టీకా ఏది, ఏమైనా ఇబ్బంది వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు పోగొట్టుకోవద్దు. "జ్వరమస్తది బిడ్డా, బుగులు పడకు, రెండు దినాలల్ల తగ్గుతది" అని చెప్పే మాట కూడా ప్రమాణంలో భాగమే. ఆ మాట చెప్పకపోతే ఆ తల్లి తర్వాతి టీకాకు రాదు.

ఆ గంటలో చిన్న పొరపాటు ఎంత దూరం పోతుందో 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో చూశాం. అర్బన్ హెల్త్ సెంటర్‌లో టీకాలు వేశాక జ్వరానికి పారాసిటమాల్ బదులు పెద్దవాళ్ల నొప్పులకు ఇచ్చే ట్రమడాల్ మాత్రలు చిన్నపిల్లలకు చేరాయి. పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు, చాలామంది నిలోఫర్ దవాఖాన పాలయ్యారు. అలాంటి ఘటన జరగగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఎవరిని సస్పెండ్ చేశారని. ఇచ్చే ముందు మాత్ర పేరు చదవడం, ఇంకొకరితో చదివించడం అనే అలవాటును చివరిసారి ఎప్పుడు, ఎవరు నేర్పారని అడగం. రెండో ప్రశ్న అడిగితే జవాబుదారీ ఒక్క ఉద్యోగితో ఆగదు, శిక్షణ ఇవ్వాల్సిన వాళ్ల దాకా పోతుంది.

ఇప్పుడు కాగితం మీద ఏముందో చూద్దాం. నర్సుల నమోదు మనకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926లోనే నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తెలంగాణలో రాష్ట్ర కౌన్సిల్ నర్సులతో పాటు ఏఎన్ఎంలను, హెల్త్ విజిటర్లను నమోదు చేస్తుంది. కేంద్ర కౌన్సిల్ ఈ మధ్య కాలంలో దేశంలో పనిచేస్తున్న నర్సులందరికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చే ట్రాకింగ్ విధానం తెచ్చింది. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవాలని, దానికి 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య చూపాలని నిర్దేశించింది. అంటే ఏడాదికి 30 గంటలు. ఇది తక్కువేమీ కాదు. కాలిఫోర్నియాలో ఇదే శ్రేణి నర్సులకు రెండేళ్లకు 30 గంటలు చాలు. సంఖ్యలో మనం ఎంతో ముందున్నాం.

గంటలు లెక్కపెట్టే పద్ధతిలో ఉన్న లోపం ఇక్కడే బయటపడుతుంది. జిల్లా కేంద్రంలో ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, ఇంగ్లిష్ స్లైడ్లు, వెనక వరసలో ఫోన్లో ఆ రోజు ఆన్‌లైన్ ఎంట్రీలు కొట్టుకుంటున్న ఏఎన్ఎంలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. గంటలు పూర్తయ్యాయి. ఏం నేర్చుకున్నారన్న ప్రశ్న ఎక్కడా రాదు. బ్రిటన్‌లో నర్సింగ్ కౌన్సిల్ 2016 ఏప్రిల్ నుంచి మూడేళ్లకోసారి రీవాలిడేషన్ పెట్టింది. అందులో 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల చదువు, అందులో 20 గంటలు తోటివాళ్లతో కలిసి నేర్చుకున్నది ఉండాలి. వాటితో పాటు తన పని గురించి ఇతరులు చెప్పిన ఐదు అభిప్రాయాలు, తానే రాసుకున్న ఐదు అనుభవాలు చూపాలి. మనకన్నా తక్కువ గంటలు. కానీ ఆ గంటలు పనికి అతికించి ఉన్నాయి. ప్రాక్టీసు గంటల నిబంధన నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. చదివావా అని కాక, చేస్తున్నావా అని అడుగుతుంది అది.

చేస్తున్నావా అని మన ఏఎన్ఎంను అడిగితే ఏమంటుంది? కాన్పుల సంగతే తీసుకుందాం. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక, 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలయ్యాక, కాన్పులన్నీ దవాఖానలకు మళ్లాయి. మంచి జరిగింది. 2018-20 లెక్కల్లో రాష్ట్రంలో మాతృ మరణాలు లక్ష సజీవ జననాలకు 43కు దిగాయి. కేరళ, మహారాష్ట్ర తర్వాత మనమే. దాని వెంట ఇంకో మార్పు వచ్చింది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సబ్ సెంటర్‌లో కాన్పులు దాదాపు ఆగిపోయాయి. ఒకప్పుడు నెలకు ఎన్నో కాన్పులు చేసిన చేతులకు ఇప్పుడు ఏడాదికి ఒక్కటి కూడా దొరకడం లేదు.

కానీ మార్గదర్శకాలు ఆమెను ఇంకా నైపుణ్యం ఉన్న కాన్పు సహాయకురాలిగానే చూస్తాయి. 2005లో వచ్చి 2010లో సవరించిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది ఆమె వేయాలి. గుర్రపువాతం వచ్చి కొట్టుకుంటున్న గర్భిణిని పై దవాఖానకు పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇవ్వాలి. మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా కండరంలోకి. రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. అంటే పది ఆంప్యూళ్లు పగలగొట్టి, రెండు సిరంజిల్లోకి ఎక్కించి, కొట్టుకుంటున్న మనిషికి వేయాలి. పక్కన ఆశ కార్యకర్త, ఏడుస్తున్న అత్తమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఏఎన్ఎంకు ఇలాంటి సందర్భం కొన్నేళ్లకోసారి వస్తుందేమో. పదేళ్ల కింద 21 రోజుల కాన్పు సహాయకుల (ఎస్‌బీఏ) ట్రైనింగ్‌లో ఒకసారి చూసింది ఆ క్షణంలో చేతికి రాదు. ఎవరికీ రాదు. వాడని నైపుణ్యం ఎంత మంచి మనిషిలోనైనా జారిపోతుంది.

కరీంనగర్ టౌన్లో, చుట్టుపక్కల మైదాన మండలాల్లో ఇది పెద్ద సమస్య కాదనిపించవచ్చు. 108 వస్తుంది, మాతాశిశు కేంద్రం దగ్గరే ఉంది. ఆదిలాబాద్ గిరిజన ఏజెన్సీలో మాత్రం కడెం పొంగినా పెన్‌గంగ పొంగినా, దారి తెగిన రాత్రి ఆ గూడెం వైపు ఉన్న చదువుకున్న చేతులు ఆమెవే. కాన్పు దవాఖానలో జరగాలన్న విధానం సరైనదే. ఆ విధానం విఫలమయ్యే రాత్రికి ఎవరిని సిద్ధం చేశామన్నది వేరే ప్రశ్న. దానికి మన దగ్గర జవాబు లేదు.

చేరిన తర్వాత శిక్షణే ఉండదని కాదు. నిజానికి చాలా ఉంటుంది. చిన్నపిల్లల జబ్బులకు ఐఎంఎన్‌సీఐ ఎనిమిది రోజులు, పుట్టిన బిడ్డకు ఊపిరందించడానికి 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం రెండు రోజులు, బీపీ-షుగర్ల సర్వేకు ఇంకొకటి, కొత్త టీకా వచ్చినప్పుడల్లా ఒక పూట, కొత్త యాప్ వచ్చినప్పుడల్లా ఇంకో పూట. వీటన్నిటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. ప్రతిదీ ఒక పథకం కోసం, ఆ పథకం డబ్బుతో, ఆ పథకం లెక్క కోసం జరుగుతుంది. పథకం మారితే శిక్షణ ఆగుతుంది. ఏ ఏఎన్ఎంకు ఏది వచ్చు, ఏది మరచిపోయింది, ఆమెకు ఏది కావాలి అని ఆమె వైపునుంచి మొదలయ్యే శిక్షణ దాదాపు లేదు. పదిహేనేళ్ల సర్వీసులో ఆమె తీసుకున్న శిక్షణలన్నీ ఒకచోట రాసి ఉన్న పుస్తకం అడిగితే జిల్లా ఆఫీసులోనూ దొరకదు, ఆమె ఇంట్లోనూ దొరకదు. సర్టిఫికెట్లు బీరువాలో ఒక కవర్లో ఉంటాయి, అంతే.

పైగా వైద్యం ఒకసారి నేర్చుకుని ఊరుకునే విద్య కాదు. నేర్చుకున్నది తిరగబడుతుంది కూడా. 2014లో కేంద్రం ఏఎన్ఎంలకు రెండు కొత్త పనులు అప్పగించింది. చీము జబ్బు లక్షణాలున్న పసిబిడ్డకు పై దవాఖానకు పంపేముందు జెంటామైసిన్ సూది వేయడం ఒకటి, నెలలు నిండకముందే నొప్పులొచ్చిన గర్భిణికి డెక్సామెథసోన్ మొదటి మోతాదు ఇవ్వడం రెండోది. మరుసటి ఏడు, 2015లో, ఏసీటీ అనే పెద్ద పరిశోధన ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆరు దేశాల్లో జరిగిన ఆ పరిశోధనకు మన పొరుగున నాగ్‌పూర్ కూడా ఒక కేంద్రం. నెలలు ఎన్నో సరిగ్గా లెక్కకట్టలేని చోట, బిడ్డకు మంచి సంరక్షణ దొరకని చోట ఈ సూదిని విస్తారంగా వాడితే అనుకున్న మేలు కలగలేదని, మొత్తంమీద శిశు మరణాలు పెరిగాయని తేలింది. 2020లో వచ్చిన ఇంకో పరిశోధన, సదుపాయాలున్న ఆస్పత్రుల్లో, నెలలు సరిగ్గా తెలిసినప్పుడు అదే మందు బిడ్డల ప్రాణం కాపాడుతుందని చూపింది. ఇందులో ఏఎన్ఎంకు కావాల్సిన పాఠం ఒకటుంది: సూది కన్నా ముందు నెలల లెక్క ముఖ్యం, మొదటి మూడు నెలల్లోనే తేదీ సరిగ్గా రాసుకోవాలి. ఈ పాఠం ఆమె దాకా తెచ్చే బాధ్యత మన జిల్లాల్లో ఎవరిది? ఈ ప్రశ్నకు ఒక మనిషి పేరో, ఒక ఆఫీసు పేరో చెప్పగలిగిన రోజున నిరంతర విద్య మొదలైందనుకోవచ్చు.

ఏ రకం శిక్షణ పనిచేస్తుందో ప్రపంచం ఇప్పటికే చాలా పరీక్షించి చూసింది. మనకు దగ్గరగా ఉండే సాక్ష్యం ఉత్తర ప్రదేశ్‌లో జరిగిన బెటర్‌బర్త్. 120 దవాఖానల్లో, లక్షన్నరకు పైగా తల్లీబిడ్డల మీద జరిగిన ఈ పరిశోధన ఫలితాలు 2017 డిసెంబరులో వచ్చాయి. కాన్పు గదిలో చేయాల్సిన ముఖ్యమైన పనుల చెక్‌లిస్టు ఇచ్చి, ఎనిమిది నెలల పాటు కోచ్‌లు వచ్చి పక్కన నిలబడి నేర్పారు. మొదట్లో చేయాల్సిన పనుల్లో 73 శాతం సరిగ్గా జరిగాయి. కోచ్‌లు రాని దవాఖానల్లో అది 42 శాతమే. ఏడాదికి వచ్చేసరికి, కోచ్‌లు రావడం ఆగాక, 73 కాస్తా 62కు జారింది. మరణాలు మాత్రం తగ్గలేదు. ఈ ఫలితం చూసి శిక్షణ దండగ అన్నవాళ్లున్నారు. నాకు అందులో వేరే సంగతి కనబడుతుంది. పక్కన నిలబడి నేర్పితే మనుషులు మారతారు, వెళ్లిపోతే జారతారు. పై దవాఖాన, రక్తం, డాక్టరు, బండి అందకపోతే చేయి ఎంత బాగున్నా ప్రాణం నిలవదు. రెండూ కావాలి.

ఉత్తర కర్ణాటక జిల్లాల్లో సుక్షేమ ప్రాజెక్టు అనుభవజ్ఞులైన నర్సులనే మెంటార్లుగా పెట్టి పీహెచ్‌సీలకు తిప్పింది. బిహార్‌లో అమానత్ కార్యక్రమంలో నర్సు మెంటార్లు దవాఖానకే పోయి, బొమ్మల మీద, నటనతో అత్యవసర పరిస్థితులను సాధన చేయించారు. పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఆరోగ్య సిబ్బంది పనితీరు మీద వచ్చిన వందల అధ్యయనాలను కలిపి 2018లో వేసిన ఒక పెద్ద సమీక్ష కూడా ఇదే దిక్కు చూపింది. కరపత్రాలు, పుస్తకాలు పంచితే దాదాపు ఏమీ మారదు. శిక్షణ ఒక్కటే అయితే కొంత మారుతుంది. శిక్షణకు పర్యవేక్షణ, తోటివాళ్లంతా కూచుని సమస్య విప్పుకోవడం తోడైతే ఎక్కువ మారుతుంది. హాలు, ప్రొజెక్టరు, సర్టిఫికెట్ పద్ధతి ఈ వరసలో ఎక్కడుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఉత్తర తెలంగాణలో దీనికి కావాల్సిన చోట్లు ఉన్నాయి. ఆదిలాబాద్‌లో 2008 నుంచి రిమ్స్ ఉంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో సర్కారు మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. పదేళ్ల కింద ఈ మాట రాస్తే కల అనేవాళ్లు. ఈ బోధనాస్పత్రుల కాన్పు గదుల్లో రోజూ కాన్పులు జరుగుతాయి. ఒక్కో ఏఎన్ఎంను ఏటా రెండు వారాలు డ్యూటీ మీదే అక్కడికి పంపి, సీనియర్ స్టాఫ్ నర్సు పక్కన కాన్పులు చేయించి, మెగ్నీషియం మోతాదు కలిపించి, బొమ్మ మీద బిడ్డకు ఊపిరి అందించి చూపమంటే ఏడాది కోటా 30 గంటలు దాటిపోతాయి. ఏజెన్సీ వాళ్లకు ఉట్నూర్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఇంకా దగ్గర. ఆ రెండు వారాలు సబ్ సెంటర్ ఖాళీ కాకుండా చూడాలంటే పక్క సబ్ సెంటర్ ఏఎన్ఎంతో వంతులు వేసుకోవాలి. ఖర్చు కన్నా ఎక్కువగా దీనికి కావాల్సింది రోస్టర్ వేసే పట్టుదల.

ఏజెన్సీకి ఇంకో అవసరం ఉంది. గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు, లంబాడీలు ఉన్న ఊళ్లలో తెలుగొక్కటే సరిపోదు. "నొప్పి ఎప్పటినుంచి?" అన్నంత మాత్రం వస్తే చాలదు, కాలు చాపి కూచుని మాట్లాడేంత భాష రావాలి. దీనికి ఆదిలాబాద్‌లోనే పాత ఉదాహరణ ఉంది. 1940ల్లో, కుమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించినప్పుడు, ఆయన మర్లవాయిలో గోండు యువకులనే గోండి భాషలో బడిపంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు. బయటి పంతుళ్లు నిలవని ఊళ్లలో ఊరి పిల్లలే పంతుళ్లయ్యారు. ఆరోగ్యంలో అంత శ్రద్ధగా ఆ పని జరగలేదు. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక ఈ అవసరం ఇంకా పెరిగింది. నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష చేయడం అందులో ఒక భాగమే. పరీక్షలో వాహకుడని తేలిన కుర్రాడికి అది జబ్బు కాదని, పెళ్లి చేసుకునేముందు అవతలి వాళ్ల కార్డు కూడా చూసుకోవాలని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పడం ఎంతో సున్నితమైన పని. పరీక్ష ఎలా చేయాలో ఒక పూటలో నేర్పవచ్చు. ఈ మాట ఎలా చెప్పాలో గోండిలో, కొలామీలో నేర్పే పాఠం కావాలి.

కరీంనగర్ వైపు అవసరం వేరు. అక్కడ ఏఎన్ఎంకు మామూలు కాన్పు గురించి లోతైన చదువు కావాలి. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే కావాలా, ముహూర్తం చూసి కోయించుకుంటే బిడ్డకు ఏమవుతుంది, నొప్పులు ఎంతసేపు పడితే మామూలు? ఈ ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పే మనిషి ఇంటి గడప దగ్గర ఉంటే నర్సింగ్ హోం మెట్లెక్కేముందే కొందరు ఆలోచించుకుంటారు. మామూలు కాన్పులను నిలబెట్టడానికి తెలంగాణ 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి 30 మంది నర్సులకు ప్రసూతి విద్యలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో వచ్చిన జాతీయ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలకు ఇలాంటి అనుభవాలే దారి చూపాయి. దేశానికి గర్వకారణమైన పని అది. కానీ 18 నెలల ఆ కోర్సులో చేరాలంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం కానీ, బీఎస్సీ నర్సింగ్ కానీ ఉండాలి. ఏఎన్ఎంకు ఆ తలుపు తెరుచుకోదు.

ప్రైవేటు సంగతి పట్టించుకోకపోతే ఈ చర్చ సగమే. కరీంనగర్ పట్నంలో వీధికో నర్సింగ్ హోం ఉంది. అక్కడ సెలైన్ ఎక్కించే "సిస్టర్" ఏఎన్ఎమ్మో, జీఎన్ఎమ్మో, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా అక్కడే పని నేర్చుకున్న అమ్మాయో పేషెంటుకు తెలిసే దారి లేదు. ఆ అమ్మాయిని నిందించను. తక్కువ జీతానికి, రాత్రి డ్యూటీలకు ఆమెను పెట్టుకున్న యాజమాన్యమే జవాబు చెప్పాలి. దేశమంతటా పనికొచ్చే నర్సు సంఖ్య వచ్చాక దీన్ని సరిదిద్దడం కష్టం కాదు. ఏప్రాన్ మీద పేరుతో పాటు ఆ సంఖ్య ఉండాలని, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు నర్సుల సంఖ్యల జాబితా ఇవ్వాలని నిబంధన పెడితే చాలు. 150 గంటల లెక్క సర్కారు ఏఎన్ఎం ఒక్కతే మోసి, ప్రైవేటు తప్పించుకుంటే ప్రమాణం ఎక్కడా నిలవదు.

ఇక నిచ్చెన. నేర్చుకున్నందుకు మెట్టు ఎక్కే అవకాశం ఉంటేనే మనిషి నేర్చుకుంటుంది. కౌన్సిల్ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన ఏఎన్ఎం జీఎన్ఎంలో చేరవచ్చు. మూడేళ్లు జీతం, సర్వీసు వదులుకుని ఇద్దరు పిల్లల తల్లి ఎలా చేరుతుంది? సూపర్‌వైజర్ పదోన్నతికి ఆరు నెలల శిక్షణ ఉంది, ఆ వంతు రావడానికి ఏళ్లు పడుతుంది. 2018 తర్వాత పల్లె దవాఖానల్లో మిడ్ లెవల్ ప్రొవైడర్లను వేశారు. వాళ్ల అవసరం ఉంది. కానీ ఊరిని ఇరవై ఏళ్లుగా తెలిసిన ఏఎన్ఎం బయటినుంచి వచ్చిన పాతికేళ్ల వాళ్ల కింద పనిచేస్తోంది. ఆ స్థానానికి తానే ఎదిగే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

రెండో ఏఎన్ఎంల మాట చెప్పకుండా ఇది పూర్తి కాదు. గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద చేరి, ఏళ్ల తరబడి అదే పని చేసినవాళ్లు 2023 ఆగస్టులో రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగారు. అప్పటికే మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,520 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత ఆ సంఖ్య 1,931 అయింది. పరీక్ష జరిగింది 2024 డిసెంబరు చివర్లో. సర్వీసుకు మార్కులు కలిపినా, పదిహేనేళ్లు సూదులు వేసిన మనిషి కొత్తగా చదివొచ్చిన అమ్మాయితో కలిసి బిట్లు రాయాల్సొచ్చింది. ఆ పదిహేనేళ్లలో ఆమె ఏం నేర్చుకుందో చూపే రికార్డు ఉండి ఉంటే, ఆమె చేతి పనిని ఏటా ఎవరైనా పరీక్షించి రాసి ఉంటే, ఆ రికార్డే ఆమె తరఫున మాట్లాడేది. వృత్తి ప్రమాణాలు లేకపోతే పేషెంటుకే నష్టమనుకుంటాం. ఇక్కడ నష్టపోయింది నర్సమ్మ కూడా.

2023 ఆగస్టులో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను నిర్దేశించింది. చదువుకు ఒక బోర్డు, సంస్థల మదింపుకు ఒకటి, నైతికతకూ నమోదుకూ ఒకటి. రాష్ట్రాలకు రాష్ట్ర కమిషన్లు. ఇలాంటి చట్టాల బలం వాటి కింద రాసే నిబంధనల్లో ఉంటుంది. తెలంగాణ తన నిబంధనలు రాసేటప్పుడు నాలుగు సంగతులు అందులో చేరాలి. రెన్యువల్ గంటల్లో కనీసం సగం కాన్పు గదిలోనో వార్డులోనో చేతితో చేసి చూపినవై ఉండాలి. ఆ గంటలు డ్యూటీగా లెక్కపడి, ఆ రోజుల జీతం, బస్సు చార్జీ రావాలి. పరీక్షించి సంతకం పెట్టేది ఆ పని రోజూ చేసే సీనియర్ నర్సు కావాలి, హాజరు పట్టీ రాసే గుమాస్తా కాదు. ఏజెన్సీ మండలాల్లో పనిచేసేవాళ్లకు గోండి, కొలామీ నేర్చుకున్న గంటలు కూడా అదే ఖాతాలో పడాలి.